కరెంటు పోయినా చల్లదనం నిలవాలంటే: కూలింగ్ ప్యాక్‌లు ఇంట్లో చేసుకోవడం ఎలా?

ఎండలు ముదిరితే చాలు, అవే ప్రశ్నలు వస్తుంటాయి. నీళ్లలో ఉప్పు కలిపితే ఐస్ ఎక్కువసేపు ఉంటుందట, నిజమేనా? కరెంటు పోతే అమ్మ ఇన్సులిన్‌ను ఐస్‌లో పెట్టొచ్చా? ఆన్‌లైన్ ఆర్డర్‌తో వచ్చిన జెల్ ప్యాక్ మామూలు ఐస్ కంటే గట్టిదా? తుపాను హెచ్చరిక వచ్చిందంటే కోస్తా వాళ్ల నుంచి ఇంకా ఎక్కువ. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తర్వాత విశాఖలో, 2018 అక్టోబరులో తిత్లీ తర్వాత శ్రీకాకుళంలో రోజుల తరబడి కరెంటు లేకుండా గడిపిన వాళ్లకు ఈ ప్రశ్నలు ఎందుకొస్తాయో వేరే చెప్పక్కర్లేదు.

సిద్ధాంతం కొంచెమే చెబుతాను. గడ్డకట్టిన పదార్థం కరిగేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని బాగా లాక్కుంటుంది, కానీ పూర్తిగా కరిగేదాకా తన ఉష్ణోగ్రత పెద్దగా మారదు. బడిలో చదివిన గుప్తోష్ణం ఇదే. ఇలా పనికొచ్చే పదార్థాలను ఫేజ్ ఛేంజ్ మెటీరియల్స్ అంటారు. వాటిలో అన్నిటికంటే చవకైనది, చాలా పనులకు అన్నిటికంటే మంచిది మంచినీళ్లే. కిలో ఐస్ కరగడానికి 334 కిలోజౌళ్ల వేడి కావాలి. అదే కిలో చల్లటి నీళ్లు 4 డిగ్రీల నుంచి 8 డిగ్రీలకు వేడెక్కుతూ లాక్కునేది 17 కిలోజౌళ్ల లోపే. ఇరవై రెట్ల తేడా. ఫ్రిజ్ నిండా చల్లటి నీళ్ల సీసాలు పెట్టుకుని, కరెంటు పోయినా ఫర్వాలేదనుకునే వాళ్లు ఈ లెక్క ఒకసారి చూడాలి.

ఇక అసలు విషయం. ప్యాక్ ఎంత చల్లగా ఉందన్నది కాదు, ఏ ఉష్ణోగ్రత దగ్గర కరుగుతుందన్నది చూడాలి. మీ వస్తువు ఏ ఉష్ణోగ్రతలో ఉండాలో దానికి దగ్గరలో కరిగే ప్యాక్ ఎంచుకోండి. మరీ చల్లనిది పెడితే కూరగాయలు గడ్డకట్టి పాడవుతాయి, ఇన్సులిన్ పనికిరాకుండా పోతుంది.

ఏ ప్యాక్ ఎందుకు?

మంచినీళ్లు: 0 డిగ్రీల దగ్గర కరుగుతాయి. పాలు, పెరుగు, కూరలు, పచ్చి చేపలు, ఫ్రిజ్ కింది భాగం, ఐస్ బాక్స్, అన్నిటికీ ఇవే. పదిమందిలో తొమ్మిదిమందికి ఇంతకు మించి అవసరం లేదు.

లీటరు నీళ్లకు 50 గ్రాముల మామూలు ఉప్పు: మైనస్ 3 దగ్గర గడ్డకట్టడం మొదలవుతుంది, ఆ తర్వాత నెమ్మదిగా సాగుతుంది. ఒక్కచోట నిలబడే ప్యాక్ కాదు. ఫ్రీజర్ అంతగా చల్లబడని పాత ఫ్రిజ్‌లకు సర్దుబాటు.

లీటరు నీళ్లకు 245 గ్రాముల పొటాషియం క్లోరైడ్: మైనస్ 10.7 దగ్గర గడ్డకట్టి, అక్కడే కరుగుతుంది. ఇకమీదట పొటాష్ ప్యాక్ అన్నది దీన్నే. ఫ్రీజర్‌లోని మాంసం, గడ్డకట్టించిన చేపలు, ఐస్‌క్రీమ్ కాపాడుకోవడానికి ఇది.

లీటరు నీళ్లకు 300 గ్రాముల మామూలు ఉప్పు: మైనస్ 21. ఇంటి ఫ్రీజర్ మైనస్ 18 దగ్గర ఆగిపోతుంది కాబట్టి ఇది మీ ఇంట్లో ఎప్పటికీ పూర్తిగా గడ్డకట్టదు. వదిలేయండి.

ఉప్పు కలిపితే ఐస్ ఎక్కువసేపు ఉంటుందన్నది పూర్తిగా తిరగబడిన మాట. ఉప్పునీటి ఐస్ మంచినీటి ఐస్ కంటే తక్కువ వేడిని లాక్కుంటుంది. మైనస్ 21 మిశ్రమంలో అయితే దాదాపు 30 శాతం తక్కువ. పైగా ఎక్కువ చల్లగా ఉంటుంది కాబట్టి బయటి వేడి ఇంకా జోరుగా లోపలికి వస్తుంది. ఉప్పు కలిపేది చల్లదనం స్థాయిని కిందికి దించడానికి. ఎక్కువసేపు నిలపడానికి కాదు.

జెల్ ప్యాక్ సంగతి కూడా ఇక్కడే తేల్చేద్దాం. ఆన్‌లైన్ పార్సిళ్లలో వచ్చే వాటిలో చాలావరకు నీళ్లూ, ఆ నీళ్లను పీల్చుకుని జెల్లీలా చేసే పొడీ ఉంటాయి. అవి కూడా 0 డిగ్రీల దగ్గరే కరుగుతాయి. బరువుకు బరువు ఐస్‌ను మించిన చల్లదనం అందులో లేదు. చిరిగినా కారిపోదు, అంతే లాభం. ఇంట్లో ఉన్నవి పారేయకండి, నీళ్ల ప్యాక్‌ల లెక్కలోనే వాడుకోండి.

ఏమేం కావాలి?

వంటింటి డిజిటల్ కాటా. చెంచాల లెక్క, గ్లాసుల లెక్క పొటాష్ ప్యాక్‌కు పనికిరాదు.

మైనస్ ఉష్ణోగ్రతలు చూపించే, వైరు చివర సెన్సర్ ఉన్న చిన్న డిజిటల్ థర్మామీటర్. జ్వరం చూసుకునేది కాదు, ఫ్రిజ్‌లకు, అక్వేరియంలకు అమ్మేది. ఈ మొత్తం పనిలో ఒక్క వస్తువే కొనగలనంటే ఇదే కొనమంటాను.

అర లీటరు, లీటరు ప్లాస్టిక్ సీసాలు. మూత గట్టిగా బిగిసేవి, కొంచెం సాగే గుణం ఉన్నవి కావాలి. అడుగున త్రికోణంలో 2 అంకె ఉన్న పాలలాంటి తెల్లటి డబ్బాలు అన్నిటికంటే మేలు. బల్లపరుపుగా ఉండేవి దొరికితే వదలకండి. కూల్‌డ్రింక్ సీసాలూ నడుస్తాయి. గాజు సీసాలు పగులుతాయి. ఉప్పు, పొటాష్ కలిపిన నీళ్లకు ఇనుము, అల్యూమినియం డబ్బాలు తుప్పుపట్టి తూట్లు పడతాయి.

పొటాషియం క్లోరైడ్. రసాయనాలమ్మే షాపుల్లో తెల్లటి పొడిగా దొరుకుతుంది. ఎరువుల షాపులో అమ్మే మ్యూరేట్ ఆఫ్ పొటాష్ కూడా ఇదే ఉప్పు, దాదాపు 95 శాతం. ఎర్రగా ఉండే రకంలో ఆ రంగు ఇనుప మట్టిది. కొంచెం మామూలు ఉప్పు కూడా కలిసి ఉంటుంది కాబట్టి పొలం పొటాష్‌తో చేసిన ప్యాక్ మైనస్ 10.7 దగ్గర ఖచ్చితంగా నిలవకపోవచ్చు, మూలల్లో కాస్త తడి మిగలొచ్చు. పనికి అడ్డం రాదు. తక్కువ సోడియం ఉప్పు అని అమ్మే ప్యాకెట్లు మాత్రం వద్దు. వాటిలో రెండు ఉప్పులూ కలిసి ఉంటాయి, ధర కూడా దండగ.

గరాటా, పాత పంచె గుడ్డ, చెరగని మార్కర్, బ్రౌన్ టేపు, థర్మోకోల్ పెట్టె లేదా ఐస్ బాక్స్.

తయారీ

1. ముందు మీ ఫ్రీజర్ ఎంత చల్లబడుతుందో చూడండి. థర్మామీటర్ సెన్సర్‌ను ఫ్రీజర్ మధ్యలో, గోడకు తగలకుండా పెట్టి, తలుపు సందులోంచి వైరు బయటికి తీసి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నే తలుపు తీయకముందే అంకె చూడండి. రెండు తలుపుల ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్ అయితే మైనస్ 18 దగ్గర ఉండాలి. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో, అందులోనూ మే నెలలో, అంత రాకపోవచ్చు. ప్యాక్ గడ్డకట్టాలంటే ఫ్రీజర్ దాని గడ్డకట్టే ఉష్ణోగ్రత కంటే కనీసం 4, 5 డిగ్రీలు కింద ఉండాలి. అంటే పొటాష్ ప్యాక్‌కు మైనస్ 15 లేదా అంతకంటే చల్లగా. మీది మైనస్ 12 దగ్గరే ఆగితే లీటరుకు 50 గ్రాముల ఉప్పు ప్యాక్ చేసుకోండి. ఆ చలిలో అందులో దాదాపు మూడింట రెండొంతులు గడ్డకడుతుంది, మిగతాది చిక్కటి ఉప్పురసంగా ఉండిపోతుంది. ఫర్వాలేదు.

2. తూకం వేయండి. పొటాష్ ప్యాక్‌కు కిలో నీళ్లు, 245 గ్రాముల పొటాషియం క్లోరైడ్. నీళ్లు కూడా కాటా మీదే తూచండి. 10 గ్రాములు అటూ ఇటూ అయితే కొంప మునగదు, 100 గ్రాములు తేడా వస్తే మాత్రం అది వేరే ప్యాక్. ఇంకొంచెం వేస్తే ఇంకొంచెం చల్లగా ఉంటుందని పిడికెడు ఎక్కువ వేయకండి. ఎక్కువైన ఉప్పు అడుగున పేరుకుపోతుంది తప్ప చల్లదనం పెంచదు.

3. కరిగించండి. గోరువెచ్చటి నీళ్లు తీసుకోండి. పొటాషియం క్లోరైడ్ కరిగేటప్పుడు నీళ్లు వాటంతట అవే చల్లబడతాయి, చల్లటి నీళ్లతో మొదలుపెడితే చివరి పిడికెడు కరగక విసిగిస్తుంది. ఎరువు పొటాష్ అయితే గంటసేపు కదపకుండా ఉంచి, పైన తేరిన నీటిని గుడ్డతో వడకట్టండి. మంచినీళ్ల ప్యాక్‌కు ఈ తంటా ఏమీ లేదు, కుళాయి నీళ్లు చాలు.

4. సీసా నింపండి, కానీ నిండుగా కాదు. నీళ్లు గడ్డకడితే 9 శాతం దాకా ఉబ్బుతాయి. లీటరు సీసాలో 900 మిల్లీలీటర్లకు మించి పోయకండి. మూత పెట్టేముందు సీసాను కొంచెం నొక్కి గాలి తీసేస్తే ఇంకా మంచిది. తర్వాత మూత మీదుగా టేపు చుట్టండి.

5. పేరు రాయండి. "పొటాష్ నీళ్లు, తాగరాదు" అని పెద్దక్షరాలతో, సీసాకు రెండు వైపులా. ఇది ఆఖర్లో చూసుకుందాంలే అని వదిలేసే పని కాదు. పొటాషియం క్లోరైడ్ ఎక్కువ మోతాదులో కడుపులోకి వెళ్తే గుండె లయ తప్పుతుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు మరీ ప్రమాదం. ఎండలో ఆడుకుని వచ్చిన పిల్లలు ఫ్రిజ్ తీసి చేతికి దొరికిన సీసా ఎత్తేస్తారు. వీలైతే నీళ్లలో నీలిరంగు రెండు చుక్కలు వేయండి, ఎవరూ తాగే నీళ్లనుకోరు.

6. ముందు ఫ్రిజ్ కింది భాగంలో నాలుగైదు గంటలు చల్లబరిచి, తర్వాత ఫ్రీజర్‌లోకి మార్చండి. వేడి సీసాలు నేరుగా పెడితే పక్కనున్న మాంసం మెత్తబడుతుంది. ఒకేసారి అరడజను పెట్టకండి. చిన్న ఫ్రీజర్‌కు రాత్రికి రెండు లీటర్లు చాలు. పడుకోబెట్టి, మధ్యలో వేలెడు సందు వదిలి పెట్టండి. మందం రెట్టింపైతే గడ్డకట్టడానికి దాదాపు నాలుగింతల సమయం పడుతుంది. రెండు లీటర్ల బండ సీసా కంటే నాలుగు అర లీటరు సీసాలు ఎందుకు నయమో దీన్నిబట్టి తెలుస్తుంది.

7. గడ్డకట్టిందో లేదో చూడండి. చెవి దగ్గర పెట్టి ఊపండి. నీళ్ల చప్పుడు వస్తే ఇంకా కాలేదు. మంచినీళ్లకు ఒక రాత్రి సరిపోతుంది. పొటాష్‌కు రెండు రోజులు పట్టినా కంగారుపడకండి. కొన్నిసార్లు ఈ ద్రావణం మైనస్ 13, 14 దాకా చల్లబడి కూడా ద్రవంగానే మొండికేస్తుంది. బయటికి తీసి గట్టిగా ఒకసారి ఊపితే చాలాసార్లు కళ్లముందే తెల్లగా పట్టుకుంటుంది. అప్పటికీ కాకపోతే ఫ్రీజర్ నాబ్‌ను ఒక రాత్రికి గరిష్ఠంలో పెట్టండి.

కరెంటు పోయినప్పుడు

పొటాష్ ప్యాక్‌లను ఎప్పుడూ ఫ్రీజర్‌లోనే, ఖాళీగా ఉన్న చోటల్లా ఉంచేయండి. కరెంటు పోయినప్పుడు వాటిని కదపక్కర్లేదు, తలుపు తీయకుండా ఉంటే చాలు. ఫ్రిజ్ కింది భాగం కోసం మంచినీళ్ల ప్యాక్‌లు రెండు మూడు పై అరలో, గుడ్డ లేదా పళ్లెం మీద పెట్టండి. చల్లగాలి కిందికి దిగుతుంది కాబట్టి ప్యాక్ ఎప్పుడూ పైనే ఉండాలి. పొటాష్ ప్యాక్‌ను మాత్రం కిందికి తేవద్దు. ఆకుకూరలు నల్లబడతాయి, గుడ్లు పగులుతాయి.

అమెరికా ఆహార భద్రతా సంస్థల లెక్క ప్రకారం, తలుపు తీయకపోతే ఫ్రిజ్‌లో ఆహారం 4 గంటలు, సగం నిండిన ఫ్రీజర్‌లో 24 గంటలు, నిండుగా ఉన్న ఫ్రీజర్‌లో 48 గంటలు నిలుస్తుంది. సింగిల్ డోర్ ఫ్రిజ్ పైభాగంలోని చిన్న అర, చుట్టూ 40 డిగ్రీల వంటిల్లు ఉన్నప్పుడు ఈ చివరి రెండు అంకెల మీద ఆశ పెట్టుకోకండి. ఫ్రిజ్‌లోని పాలు, వండిన కూరలు 4 డిగ్రీలు దాటి రెండు గంటలకు పైగా ఉంటే పారేయడమే. వాసన చూసి నిర్ణయించడం కుదరదు, చెడు చేసే సూక్ష్మజీవులన్నీ వాసన ఇవ్వవు.

తుపాను వల్ల ఇల్లు వదిలి వెళ్లాల్సి వస్తే ఒక చిన్న ఏర్పాటు చేసి వెళ్లండి. గ్లాసులో నీళ్లు గడ్డకట్టించి, పైన రూపాయి బిళ్ల పెట్టి ఫ్రీజర్‌లో ఉంచండి. తిరిగొచ్చాక బిళ్ల పైనే ఉంటే మంచిదే. గ్లాసు అడుగున దొరికితే మధ్యలో అంతా కరిగి, కరెంటు వచ్చాక మళ్లీ గడ్డకట్టిందన్నమాట. అప్పుడు ఫ్రీజర్‌లోని మాంసం, చేపలు చూడటానికి ఎంత గట్టిగా ఉన్నా తినకండి.

ఐస్ బాక్స్‌లో ఎంత ఐస్ కావాలి?

దీనికి ఊహ కంటే కొలత మేలు. మీ పెట్టె గంటకు ఎంత ఐస్‌ను కరిగిస్తుందో ఒక్క పూటలో తెలుసుకోవచ్చు. పెట్టెను ముందు కొంచెం ఐస్‌తో గంటసేపు చల్లబరిచి, ఆ నీళ్లు పారబోయండి. తర్వాత మూడు కిలోల ఐస్‌ను తూచి పాలిథిన్ కవరులో వేసి, మూత పెట్టి, టేపు వేసి, మీరు పెట్టెను వాడబోయే చోటే ఆరు గంటలు వదిలేయండి. కరిగిన నీళ్లను కొలవండి. ఆరుతో భాగిస్తే గంట లెక్క వస్తుంది.

రెండున్నర సెంటీమీటర్ల మందం గోడలతో, లోపలి గోడలన్నీ కలిపి 0.6 చదరపు మీటర్లుండే మధ్యరకం థర్మోకోల్ పెట్టెకు, బయట 38 డిగ్రీలున్నప్పుడు, గంటకు 300 గ్రాముల దగ్గర వస్తుంది. పది గంటల ప్రయాణానికి మూడు కిలోలు. గోడ మందం రెట్టింపైతే ఇది దాదాపు సగమవుతుంది. ఒక పెట్టెను ఇంకో పెద్ద పెట్టెలో పెట్టి, మధ్య సందులో వరి ఊక కూరినా మంచి ఫలితమే. ఐస్ దిమ్మలకు మనవాళ్లు ఊక, రంపపు పొట్టు కప్పేది ఇందుకే. ఊక పొడిగా ఉండాలి, తడిస్తే పనిచేయదు.

దీనికి వస్తువును చల్లబరచడానికయ్యే ఐస్ కలపాలి. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. 30 డిగ్రీలున్న 5 లీటర్ల పాలను 4 డిగ్రీలకు తేవడానికే ఒకటిన్నర కిలోల ఐస్ పోతుంది. అదే పాలను ఫ్రిజ్‌లో చల్లబరిచి పెట్టెలో పెడితే ఆ ఒకటిన్నర కిలోలు మీకు మిగిలినట్టే.

చేపలు, రొయ్యల సంగతి వేరు. వాటికి ప్యాక్‌ల కంటే చిన్న ముక్కలుగా కొట్టిన ఐస్ నయం. ఒళ్లంతా తగులుతుంది, కరిగిన నీరు కడుగుతూ కిందికి పోతుంది, 0 డిగ్రీల దగ్గరే ఉంచుతుంది. వేడి ప్రాంతాల్లో చేపకు సమానమైన బరువు ఐస్ వేయాలన్నది పాత సూత్రం, దాన్ని పాటించండి. కిలో చేపను 30 నుంచి 0 డిగ్రీలకు తేవడానికే 300 గ్రాములు పోతుంది, మిగతాది దారి ఖర్చు. పెట్టె అడుగున నీళ్లు పోయే దారి ఉండాలి. కాకినాడ నుంచి హైదరాబాద్ బస్సులో పంపేవాళ్లు అడుగున పీల్చుకునే గుడ్డలు మందంగా వేసి, పెట్టెను పెద్ద పాలిథిన్ సంచిలో కట్టండి, లేకపోతే బస్సువాళ్లు దారిలోనే దింపేస్తారు.

ఇన్సులిన్ ఉన్న ఇళ్లకు

ఇక్కడ అజాగ్రత్తకు చోటు లేదు. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఒక్కసారి గడ్డకడితే, మళ్లీ కరిగి చూడటానికి మామూలుగా ఉన్నా, వాడకూడదు. అంటే వేడి కంటే మన ప్యాకే దానికి పెద్ద శత్రువు కావచ్చు. ఉప్పు ప్యాక్, పొటాష్ ప్యాక్ దాని దరిదాపుల్లోకి రానివ్వకండి.

ఆరోగ్య కార్యకర్తలు టీకాలు తీసుకెళ్లే నీలం డబ్బాను చూసే ఉంటారు. అందులో నాలుగు ఐస్ ప్యాక్‌లుంటాయి. వాటిని ఫ్రీజర్ నుంచి తీసిన వెంటనే డబ్బాలో పెట్టరు. కాసేపు బయట ఉంచి, ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినిపించాకే సర్దుతారు. ఆ నీళ్లలో ఉప్పు కలపకూడదన్నది వాళ్ల నిబంధన. మీరూ అదే చేయండి:

1. మంచినీళ్ల ప్యాక్‌ను ఫ్రీజర్ నుంచి తీసి బల్ల మీద పెట్టండి. పైన చెమట పట్టి, ఊపితే చప్పుడు వచ్చేదాకా ఆగండి. మైనస్ 18 నుంచి తీసిన ప్యాక్ అప్పటికి 0 డిగ్రీలకు వచ్చి ఉంటుంది.

2. దాన్ని మందపాటి తువ్వాలులో చుట్టి ఐస్ బాక్స్‌లో ఒక పక్కన పెట్టండి.

3. ఇన్సులిన్‌ను దాని అట్టపెట్టెతో సహా చిన్న ప్లాస్టిక్ డబ్బాలో ఉంచి, ప్యాక్‌కు తగలకుండా రెండో పక్కన పెట్టండి. థర్మామీటర్ సెన్సర్ ఆ డబ్బా లోపలే ఉండాలి.

4. అరగంట తర్వాత చూడండి. 2 కంటే తక్కువ చూపిస్తే ఇంకో మడత గుడ్డ వేయండి. 8 దాటుతుంటే ఇంకో ప్యాక్ కలపండి.

వాడుతున్న సీసాకు, పెన్నుకు ఇంత హడావిడి అక్కర్లేదు. చాలా రకాలు 30 డిగ్రీల లోపు నాలుగు వారాల దాకా బయట ఉండగలవు. మీ రకానికి ఎంతో పెట్టెలోని కాగితంలో రాసి ఉంటుంది, లేదా మందుల షాపులో అడగండి. గది 30 డిగ్రీలు దాటితే తడి గుడ్డ చుట్టిన మట్టికుండ లోపల, నీళ్లు తగలని డబ్బాలో ఉంచొచ్చు. అనంతపురం, మహబూబ్‌నగర్ లాంటి పొడి ఎండల్లో ఈ కుండ బాగా చల్లబడుతుంది. మచిలీపట్నం ఉక్కలో అంత చల్లదనం ఆశించకండి.

మీ ప్యాక్ సరిగ్గా కుదిరిందా?

కొత్తగా చేసిన పొటాష్ ప్యాక్‌ను ఒకసారి పరీక్షించుకుంటే తర్వాత టెన్షన్ ఉండదు. ఒక చిన్న వెడల్పు మూతి డబ్బాలో అదే ద్రావణం పోసి, సెన్సర్‌ను మధ్యలోకి దించి గడ్డకట్టించండి. మైనస్ 15 లేదా ఇంకా కిందికి వచ్చాక బయటికి తీసి, తువ్వాలు చుట్టి, పది నిమిషాలకోసారి అంకె రాసుకోండి. మొదట గబగబా పెరుగుతుంది. ఒకచోటికి వచ్చాక కదలకుండా నిలబడుతుంది. ఆ నిలబడ్డ అంకే మీ ప్యాక్ అసలు గుణం.

మైనస్ 10, 11 మధ్య చాలాసేపు నిలిస్తే తూకం బాగా కుదిరినట్టు. కాసేపే నిలిచి మైనస్ 8, 6, 4 అంటూ నెమ్మదిగా జారుతుంటే పొటాష్ తక్కువైంది. ఎక్కడా నిలవకుండా పైకి పోతూ ఉంటే అసలు గడ్డకట్టలేదు. ముందే, మైనస్ 15 కంటే కింద కరగడం మొదలైతే పొటాష్‌లో మామూలు ఉప్పు ఎక్కువగా ఉన్నట్టు. మంచినీళ్ల ప్యాక్‌తో చేస్తే 0 దగ్గర నిలవాలి. నిలవకుండా ఒకటి రెండు డిగ్రీల తేడా చూపిస్తే తప్పు మీ థర్మామీటర్‌ది, ఆ తేడాను గుర్తుపెట్టుకుని మిగతా కొలతల్లో సరిచేసుకోండి.

తరచూ జరిగే పొరపాట్లు

సగం గడ్డకట్టిన ప్యాక్‌ను వాడేయడం అన్నిటికంటే ఎక్కువగా కనిపిస్తుంది. సగం గడ్డకడితే సగం పనే చేస్తుంది.

పెట్టెలో ఖాళీ వదలడం ఇంకోటి. మూత తీసిన ప్రతిసారీ ఆ ఖాళీలో వేడిగాలి నిండుతుంది. పాత దుప్పటి ముక్కలో, నలిపిన న్యూస్‌పేపరో కూరండి. ప్యాక్‌లన్నీ అడుగున పెట్టడం కూడా తప్పే. పైన ఒకటి, పక్కల మిగతావి.

జ్వరం వచ్చిన బిడ్డ నుదుటి మీద ఫ్రీజర్‌లోంచి తీసిన పొటాష్ ప్యాక్ పెట్టడం ప్రమాదం. మైనస్ 11 డిగ్రీల వస్తువు చర్మాన్ని నిమిషాల్లో గడ్డకట్టించగలదు. దెబ్బకు, వాపుకు అయినా మంచినీళ్ల ప్యాకే, అదీ గుడ్డ చుట్టి.

ప్యాక్ కారితే ఏం చేయాలని కూడా అడుగుతుంటారు. పొటాష్ నీళ్లు ఆహారం మీద పడితే ఆ ఆహారం పారేయండి. ఫ్రిజ్ లోపల తడిగుడ్డతో రెండుసార్లు తుడవండి, ఇనుప భాగాలు తుప్పుపడతాయి. మిగిలిన ద్రావణాన్ని మొక్కలకు పోయాలనిపిస్తే బాగా పలచన చేసి, కొంచెం కొంచెంగా పోయండి. చిక్కగా పోస్తే వేళ్లు మాడిపోతాయి. మామూలు ఉప్పు ప్యాక్ నీళ్లు మాత్రం మొక్కలకు వద్దే వద్దు.

డీజిల్ పొగను శుభ్రం చేయడానికి లారీలకు పోసే డెఫ్ ద్రవం వాడొచ్చా అని ఒకరిద్దరు మెకానిక్‌లు అడిగారు. తెలివైన ప్రశ్నే. అది 32.5 శాతం యూరియా ద్రావణం, మైనస్ 11 దగ్గర గడ్డకడుతుంది, కాబట్టి పొటాష్‌కు బదులు పనిచేస్తుంది. కారితే అమ్మోనియా కంపు కొట్టొచ్చు కాబట్టి ఆహారం ఉన్న ఫ్రీజర్‌లో నేను పెట్టను.

గదిని చల్లబరచడానికి పనికొస్తాయా?

పైకప్పులో కొబ్బరినూనె డబ్బాలు పేర్చితే ఇల్లు చల్లగా ఉంటుందా అని అడిగేవాళ్లున్నారు. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, ఆ మాట నిజమే. కానీ పగలు కరిగింది రాత్రి మళ్లీ గడ్డకడితేనే మర్నాడు పనిచేస్తుంది. విజయవాడలో మే నెల రాత్రి 28 డిగ్రీల దగ్గర ఆగిపోతే ఆ నూనె నెలంతా నూనెగానే ఉంటుంది, పైగా అది మండే వస్తువు. 32.4 డిగ్రీల దగ్గర కరిగే సోడియం సల్ఫేట్ స్ఫటికాలను అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, డోవర్‌లో 1948లో కట్టిన ఒక ఇంట్లో సౌరశక్తి శాస్త్రవేత్త మరియా టెల్కెస్ వాడారు. అక్కడ పని చల్లదనం కాదు, పగటి ఎండను రాత్రికి దాచుకోవడం. కొన్ని చలికాలాలు గడిచేసరికి ఉప్పు, నీరు విడిపోయి పొరలుగా పేరుకుని అది పనిచేయడం మానేసింది. ఇంట్లో చేసి చూస్తే మీకూ అదే చిక్కు ఎదురవుతుంది. గదికి పైకప్పు మీద ఎండను తిప్పికొట్టే తెల్లటి కూల్ రూఫ్ పూత వేయించడం ఇంతకంటే చవక.

కూలర్ ట్యాంకులో ఐస్ ప్యాక్‌లు వేయడం గురించి అడిగితే, వేసుకోండి, కాసేపు హాయిగానే ఉంటుంది. కానీ రెండు కిలోల ఐస్ మొత్తం లాక్కునేది దాదాపు 670 కిలోజౌళ్లు. టన్ను ఏసీ అంత వేడిని మూడు నిమిషాల్లో తోడేస్తుంది. ఆ ప్యాక్‌లను ఫ్రీజర్‌లోనే ఉంచుకుంటే కరెంటు పోయినప్పుడు పాలకైనా పనికొస్తాయి.